పడకగదిలో పడనివి

మన భాషలో ‘పడు’ ధాతువు చేసినంత చాకిరీ మరొక ధాతువు చేయదేమో. వంకాయ కూర పడదు. ఊరు మారితే నీళ్లు పడవు. వదినా ఆడపడుచులకు పడదు. ఒంటికి గిట్టనిదానికీ, మనసుకు గిట్టనిదానికీ మనవాళ్లు ఒకే మాట సరిపెట్టుకున్నారు. వియన్నా నగరంలో పిల్లల వైద్యుడైన పిర్కే 1906లో రెండు గ్రీకు పదాలను అతికించి ‘ఎలర్జీ’ అన్న మాటను కల్పించాడు. అంతకు ఎంతో ముందే మన ముసలమ్మలు ‘పడదు’ అని మూడక్షరాల్లో తేల్చి చెప్పేశారు. ఆ మూడక్షరాల అర్థం నాకు పూర్తిగా బోధపడడానికి మాత్రం ముప్పై ఎనిమిదేళ్లు పట్టింది. బోధించినది మా ఆవిడ ముక్కు.

మా వివాహం 1985లో జరిగింది. కాపురానికి వచ్చిన రెండో ఏటి నుంచో మూడో ఏటి నుంచో ఆమెకు తుమ్ములు మొదలైనాయి. తెల్లవారుజామున మంచం దిగీ దిగకముందే ఒకటి, రెండు, ఐదు, పది, ఒక్కొక్కనాడు ఇరవై. ఒంటి తుమ్ము అపశకునమనీ, జంట తుమ్ము శుభమనీ అంటారు గదా! ఇరవై తుమ్ములకు ఫలమేమిటో ఏ పంచాంగంలోనూ కనబడలేదు. మొదట్లో ప్రతి తుమ్ముకూ ‘చిరంజీవ’ అనేవాణ్ణి. తరువాత చివరి తుమ్ము దాకా ఆగి, టోకున ఒక్కసారే అనడం నేర్చుకున్నాను. పక్కింటివారు మా ఆవిడ తుమ్ములు విని పాలగిన్నె పొయ్యి మీద పెట్టుకునేవారు. ఇదంతా నవ్వుతూ చెప్పుకునే సంగతిగానే మా ఇంట్లో చాలాకాలం నడిచింది. నవ్వినది ఎక్కువగా నేనే.

మిరియాల పాలు, పసుపు ఆవిరి, తులసి కషాయం, ఆయుర్వేదం వారు ప్రతిశ్యాయమని చెప్పి ఇచ్చిన లేహ్యాలు, సిట్రిజిన్ బిళ్లలు అన్నీ అయినాయి. ఆ బిళ్ల వేసుకుంటే తుమ్ములు తగ్గేవి గాని, మధ్యాహ్నం దాకా మనిషి మత్తుగా తూగేది. చివరకు నేరమంతా మా ప్రక్కనున్న ఖాళీ స్థలంలోని వయ్యారిభామ మీద మోపాను. 1950ల నాటి విదేశీ గోధుమలతో మన దేశానికి దిగబడిందని చెప్పే ఈ మొక్క పుప్పొడి చాలామందికి గిట్టని మాట నిజమే. ఇంత దుష్టమైన కలుపుకు అంత సొగసైన పేరు పెట్టిన రసికుడెవరో గాని! కూలీలను పెట్టి రెండేళ్లు వరుసగా పీకించాను. తుమ్ములు తమ మానాన తాము కొనసాగాయి.

2023 వేసవిలో బెంగుళూరు నుంచి మా అబ్బాయి గాలిని శుభ్రపరచే యంత్రం ఒకటి పంపాడు. బియ్యం డబ్బా అంత ఎత్తు, పైన గాలి వెలువడే చిల్లులు, ముందొక చిన్న దీపం. గాలి బాగుంటే నీలం, మధ్యస్థంగా ఉంటే పసుపు, చెడితే ఎరుపు. దాన్ని చూడగానే నాలోని పండితుడు ఊరుకోలేదు. వాయువునకు ‘పవనుడు’ అని పేరు. ‘పూ’ ధాతువునకు శుద్ధి చేయుట అని అర్థం, కనుక పవనుడంటే పవిత్రం చేసేవాడు. శుద్ధి చేసేవాణ్ణే శుద్ధి చేయడానికి కరెంటు పెట్టె కావలసి వచ్చిన కాలమిది అని మా ఆవిడకు ఒక పావుగంట వ్యాఖ్యానం వినిపించాను. ఆమె విని, తుమ్మి, వంటింట్లోకి వెళ్లింది.

యంత్రాన్ని హాల్లో, వచ్చేవారికి కనబడేటట్లు టీవీ ప్రక్కన ప్రతిష్ఠించాము. కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి, నెత్తిన పంకా తిరుగుతున్నది. సరిగ్గా పదకొండు గంటలకు వంటింట్లో ఎండుమిరపకాయలు పోపులో పడేసరికి దీపం భగ్గున ఎర్రబడింది. సాయంకాలం సాంబ్రాణి వేస్తే మళ్లీ ఎరుపు. దోమల చుట్ట వెలిగిస్తే రాత్రంతా ఎరుపే. “ఏమండీ, ఇది నా వంటకు మార్కులు వేస్తోందా ఏమిటి?” అన్నది. ఏళ్ల తరబడి ఎర్రసిరాతో బ్రతికినవాణ్ణి కాబట్టి నాకా యంత్రం మీద ఒక విధమైన స్వజాతి అభిమానం కలిగింది.

రెండు నెలలు గడిచినా తుమ్ముల లెక్కలో మార్పు లేదు. అప్పుడు గాని దాని వెంట వచ్చిన పుస్తకం విప్పలేదు. లోపలి వడపోత పొరను ‘హెపా’ అంటారు. అది మన ఇళ్లలో మజ్జిగ వడగట్టే పల్చని గుడ్డ వంటిదనుకున్నాను, కాదు. సన్నని పోగులు చిక్కుపడ్డ దట్టమైన పొర అది. పెద్ద రేణువులు గాలితో పాటు వంపు తిరగలేక పోగులకు కొట్టుకుని నిలిచిపోతాయి. అతి చిన్నవి నిలకడ లేక అటూ ఇటూ అల్లాడుతూ తామే వెళ్లి అంటుకుంటాయి. ఎటూ కాని నడిమి పరిమాణం, సుమారు 0.3 మైక్రాన్లది, అన్నిటికంటే కష్టంగా చిక్కుతుందట. అందుచేత ఆ పరిమాణం దగ్గరే పరీక్ష పెడతారు. అందులో 99.97 శాతం పట్టినది ఉత్తీర్ణం. బాగా చదివే పిల్లలనూ, బొత్తిగా చదవని పిల్లలనూ ఉపాధ్యాయుడు ఇట్టే గుర్తుపడతాడు, మధ్యరకం వాళ్లే జారిపోతారు. నాకీ సూత్రం వెంటనే తలకెక్కింది.

రెండో సంగతి లెక్కకు సంబంధించినది. యంత్రం గంటకు ఎన్ని ఘనమీటర్ల శుభ్రమైన గాలిని ఇవ్వగలదో ఆ పెట్టె మీద అచ్చువేసి ఉంటుంది. మాది 300. మా పడకగది పన్నెండడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు, పదడుగుల ఎత్తు. అంటే దాదాపు 48 ఘనమీటర్లు. తలుపులు మూస్తే గదిలోని గాలి గంటకు ఆరుసార్లు వడపోతకు వస్తుంది. హాలు అంతకు రెట్టింపు పైచిలుకు. కిటికీలు తెరిచిన హాలుకు లెక్కే లేదు, గోదావరి గట్టు మీది గాలినంతా అది శుద్ధి చేయాలి. రెండు నెలలుగా నేను చేయించినది అదే! పైగా ఆ 300 యంత్రం హోరుమని గరిష్ఠ వేగంతో తిరిగినప్పటి మాట. నిద్ర కోసం వేగం తగ్గిస్తే గాలీ తగ్గుతుంది. ఇంకొక మాట కూడా తెలిసి ఉండాలి. అది ప్రాణవాయువును పుట్టించదు, మనం విడిచిన బొగ్గుపులుసు గాలిని తీసివేయదు. కనుక గదిని పగలు కాసేపైనా తెరిచి ఉంచవలసిందే.

యంత్రాన్ని పడకగదికి తరలించాము. రాత్రి ముక్కు బిగదీయడం కొంచెం తగ్గిందన్నది. తెల్లవారుజాము తుమ్ములు మాత్రం తగ్గలేదు. దుకాణంలో అడిగితే, అయాన్లు చిమ్మే మరొక రకం ఉందనీ, అడవిలోని గాలి వలె ఉంటుందనీ ఒక కుర్రవాడు ఊరించాడు. కొనబోయి ఆగాను. అటువంటి వాటిలో కొన్ని ఓజోనును వెలువరిస్తాయి, అది ఊపిరితిత్తులకు హాని. 2010 నుంచి కాలిఫోర్నియాలో ఇళ్లలో వాడే ఈ యంత్రాలు వెలువరించే ఓజోను పదిలక్షల పాళ్లలో 0.05 పాలు మించరాదని నిబంధన ఉన్నది. వర్షం వెలిసినప్పటి వాసన యంత్రం నుంచి వస్తే సంతోషించవలసిన పని లేదు.

ఆ ఏడు కార్తికంలో కాకినాడలోని ఒక వైద్యురాలి వద్దకు వెళ్లాము. మా అమ్మాయి వయసుండదు ఆమెకు. ముందుగానే బిళ్లలు వారం రోజులు మాన్పించారు. మోచేతికీ మణికట్టుకూ నడుమ వరుసగా చుక్కలు వేసి, ఒక్కొక్క చుక్క మీద సూదిమొనతో సుతారంగా గుచ్చి, పావుగంట కూర్చోబెట్టారు. పడనిది ఉన్నచోట దద్దురు లేస్తుంది. వయ్యారిభామ చుక్క వద్ద చర్మం నున్నగా ఉంది. పాపం, రెండేళ్లు దాన్ని నిష్కారణంగా పీకించాను. బాగా లేచినవి రెండు దద్దుర్లు. ఇంటిదుమ్ములో ఉండే నల్లి వంటి సూక్ష్మజీవిది ఒకటి, బూజుది ఒకటి.

మొదటి దాని కథ ఆమె విపులంగా చెప్పారు. ఎనిమిది కాళ్ల జీవి, మిల్లీమీటరులో మూడోవంతు, కంటికి ఆనదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు దాని ఆహారం. నీరు త్రాగదు, గాలిలోని తేమనే పీల్చుకుంటుంది, కనుక గోదావరి తీరం దానికి స్వర్గం. 1964లో హాలండు పరిశోధకులు ఇంటిదుమ్ములోని అసలు దోషి ఇదేనని గుర్తించారు. దోషమంతా దాని విసర్జనలో ఉంది. ఆ రేణువులు పది నుంచి నలభై మైక్రాన్ల దాకా ఉంటాయి. అంటే బరువైనవి. పక్క దులిపినప్పుడు లేస్తాయి, అరగంటలోపే మళ్లీ క్రిందికి దిగిపోతాయి.

“మాస్టారూ, గాలిలో ఎగిరేదాన్నే మీ యంత్రం పట్టగలదు. పరుపులో ఉన్నదాన్ని పట్టలేదు. అమ్మగారి ముక్కు దిండుకు ఆని ఉంటుంది, యంత్రం ఆరడుగుల అవతల ఉంటుంది” అన్నారామె.

మా పరుపు పెళ్లినాటి బూరుగుదూదిది. ఏటేటా మాఘమాసపు ఎండలో వేసి కర్రతో బాదడం ఆనవాయితీ. ఎండలో వేయడం మంచిదే, బాదడమే మంచిది కాదట.

“బూజు సంగతేమిటి? గదిలో గోడకు చెమ్మ ఉందా? ఇంకేమున్నాయి ఆ గదిలో?” అని అడిగారు.

మా ఆవిడ మాట్లాడలేదు. నేనే చెప్పవలసి వచ్చింది. ఉత్తరపు గోడకు, వానాకాలంలో చెమ్మ దిగే గోడకు, ఆనించి మూడు చెక్క బీరువాలు ఉన్నాయి. తలుపులు లేవు. వాటి నిండా పుస్తకాలు. వావిళ్లవారి ముద్రణలు, నిఘంటువులు, మా నాన్నగారు పోగుచేసిన ‘భారతి’ సంచికలు. కలరా ఉండలు, వసకొమ్ములు, వేపాకు, పురుగు పట్టకుండా చేయవలసినవన్నీ చేశాను. బూజు సంగతి ఆలోచించలేదు.

“అమ్మా, ఆ పుస్తకాలు కదిలించినప్పుడు ఎక్కువవుతోందేమో ఎప్పుడైనా గమనించారా?”

“ఎక్కువే అవుతుందండీ. దసరాకు సరస్వతీపూజకని అన్నీ దించి తుడుస్తాను గదా, తరువాత వారం రోజులు నిద్ర ఉండదు” అన్నది.

ఆ వారం రోజులను నేను ఏటేటా శరదృతువు ఖాతాలో వ్రాసేవాణ్ణి. ఋతువు మారింది, జలుబు చేసిందనేవాణ్ణి.

తిరుగు ప్రయాణంలో సామర్లకోట దాటేదాకా నేను నోరు విప్పలేదు. చివరకు అడిగాను, “నీకు తెలిసి కూడా ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?” అని.

“ఒకసారి చెప్పానండీ. వీటిని వసారాలోకి మార్చుదామా అన్నాను. మా పెద్దాడు పదో తరగతిలో ఉన్నప్పుడు. మీరు సరస్వతిని వాకిట్లో కూర్చోబెడతావా అన్నారు.”

నాకు ఆ సందర్భం లీలగానైనా గుర్తు రాలేదు. ఆ వాక్యం మాత్రం నాదే, సందేహం లేదు. అటువంటి వాక్యాలు నేను చాలా అన్నాను.

మర్నాటి నుంచి పని మొదలైంది. పెళ్లినాటి పరుపు తీసివేశాము. కొత్త పరుపుకూ దిండ్లకూ ఆ రేణువులు దూరలేని, జిప్పు ఉండే తొడుగులు వేశాము. దుప్పట్లు వారానికొకసారి అరవై డిగ్రీల వేడినీటిలో ఉతకడం, నేలను చీపురుతో ఊడ్చక తడిగుడ్డతో తుడవడం, దోమల చుట్ట మాని తెర కట్టడం. సాంబ్రాణి పెరట్లో తులసికోట దగ్గరికి మారింది. ఇవేవీ నన్ను బాధించలేదు. పుస్తకాల పని పదిహేను రోజులు పట్టింది. మా ఆవిడను చెల్లెలి ఇంటికి పంపి, మూతికి గుడ్డ కట్టుకుని, ఒక్కొక్కటీ నేనే దించాను. యంత్రం అన్నాళ్లూ ఎర్రదీపంతో హోరుమంటూనే ఉంది. బూజు రేణువులు సన్నవి, చాలాసేపు గాలిలో తేలుతాయి కనుక అక్కడ దాని పనితనం కనబడింది. కొన్ని ‘భారతి’ సంచికలు అట్టతో సహా నల్లబడి, తెరిస్తే విడిపోయాయి. నలభై రెండు పుస్తకాలు పారవేశాను. వాటి పేర్లు ఇక్కడ వ్రాయలేను. మిగిలినవి మేడ మీది గదిలో, అద్దాల తలుపులున్న బీరువాలలో, గోడకు జానెడు ఎడంగా ఉన్నాయి.

ఇప్పుడు తెల్లవారుజామున తుమ్ములు మూడో నాలుగో. కొన్నాళ్లు అసలే ఉండవు. ముక్కులో కొట్టుకునే మందు డాక్టరుగారు మాన్పించలేదు. యంత్రం పడకగదిలోనే ఉంది. నెమ్మదిగా తిరుగుతుంది. పూర్తి వేగంతో రోజంతా తిప్పినా ఒక యూనిట్ కంటే కాలదు. ఏడాదికోసారి పొర మార్చాలి, దానికి మూడువేలు. ఉపశమనంలో దాని వాటా ఎంత, తొడుగుల వాటా ఎంత, పుస్తకాలు కదిలిన వాటా ఎంత అని మా అబ్బాయి ఫోనులో అడుగుతాడు. అన్నీ ఒకే నెలలో చేశాము కనుక విడదీసి చెప్పలేను. ఒక్క యంత్రమే ఉన్న నాలుగు నెలల తుమ్ములు మాత్రం నాకు లెక్క తెలుసు.

సాయంత్రాలు నేను మేడ మీదే ఉంటాను. నాలుగున్నరకు మా ఆవిడ కాఫీ తెచ్చి గుమ్మం అవతలే నిలబడుతుంది. లోపలికి రాదు. నేను పుస్తకం మూసి, బీరువా తలుపు వేసి, చేతులు కడుక్కుని వచ్చి గ్లాసు అందుకుంటాను. మొన్న అలాగే నిలబడి అడిగింది, “ఏమండీ, దసరాకు ఈసారి ఇవన్నీ ఎవరు తుడుస్తారు?”

తడిగుడ్డ ఎలా పిండాలో ముందు నేర్పమన్నాను.