డ్రోన్ మనదే, మరి మోటారు?

యూరప్‌లో మిలిటరీ డ్రోన్ల కంపెనీలకు ఇప్పుడు డబ్బుకు కొదవ లేదు. జర్మనీలో హెల్సింగ్, పోర్చుగల్‌లో టెకెవర్ జోరు మీదున్నాయి. కానీ చిన్న డ్రోన్ విప్పి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. మోటారులో రాగి చుట్టల చుట్టూ తిరిగే నియోడిమియం అయస్కాంతాలు, కింద బ్యాటరీ సెల్స్ చాలావరకు చైనావే. 2025లో చైనా ఇలాంటి అయస్కాంతాల్లో వాడే కొన్ని అరుదైన ఖనిజాల ఎగుమతికి కళ్లెం వేస్తే యూరప్ ఫ్యాక్టరీలు కంగారుపడ్డాయి.

మన కథా అంతే. హైదరాబాద్‌లో 2018లో ప్రారంభమైన అదానీ ఎల్బిట్ ఫ్యాక్టరీలో తయారయ్యే హెర్మెస్ 900 డ్రోన్ డిజైన్ ఇజ్రాయెల్‌ది. 2022లో కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని ఆపింది గానీ, విడిభాగాలకు గేటు తెరిచే ఉంచింది. ముందు బిగించడం వస్తే తయారీ దానంతటదే వస్తుందంటారు. బిగింపు చేతికి పని నేర్పుతుంది, ఒప్పుకుంటాను. అయస్కాంతం మాత్రం చేసిపెట్టదు. ఆకివీడు లాంటి ఊళ్ల చేలల్లో మందు కొట్టే డ్రోన్ ఆగితే ఆ మందు మనుషులతో కొట్టించవచ్చు, సరిహద్దులో ఆ వీలుండదు. కాబట్టి రాయితీలిచ్చే ప్రభుత్వాలు ఎన్ని డ్రోన్లు చేశారని కాదు, మోటారు ఎక్కడిదని అడగాలి.