నామోషీ



సిగ్గు వేరు, నామోషీ వేరు. తప్పు చేస్తే సిగ్గుపడతాం. ఏ తప్పూ చేయకపోయినా నలుగురూ ఏమనుకుంటారోనని నామోషీ పడతాం. రాజోలు వైపు నుండి కువైట్ వెళ్ళి, ఏజెంటు చేతిలో మోసపోయి, వట్టి చేతులతో తిరిగొచ్చిన అక్కచెల్లెళ్ళు కొందరు ఆదివారం ఆరాధనకు రారు. "నామోషీగా ఉందండి అయ్యగారూ" అంటారు. మోసం చేసినవాడు మాత్రం దర్జాగా తిరుగుతాడు!

ఈ మాట మనకు ఉర్దూ నుండి వచ్చింది. అక్కడ 'నామూస్' అంటే పరువు, 'నామూసీ' అంటే పరువు పోవడం. ఇంకా వెనక్కి వెళ్తే పారసీ, అరబ్బీ, సిరియాక్, చివరికి గ్రీకు 'నోమోస్'. రోమీయులకూ గలతీయులకూ రాసిన పత్రికల్లో ధర్మశాస్త్రానికి పౌలు వాడిన మాట అదే. సెమినరీలో మేము బట్టీ పట్టిన గ్రీకు మాట మన పేటలో అరుగుల మీదే ఉంది!

మాకైతే ఇందులో సబబే కనిపిస్తుంది. నామోషీ కూడా ఒక చట్టమే, దేవుడు ఇచ్చింది కాదు, వీధిలో నలుగురూ పెట్టింది. సిలువ మరణానికి మించిన నామోషీ ఆ రోజుల్లో లేదు. ప్రభువు దాన్ని లెక్కచేయలేదని హెబ్రీ పత్రిక 12:2లో చదువుతాం.

అలాంటి ఇళ్ళకు ముందు మనమే వెళ్దాం. ఎంత పోయిందని మాత్రం అడగకండి. టీ ఇస్తే తాగి, ప్రార్థన చేసి వద్దాం.