పసుపు ఊళ్లో రెండున్నర సెంట్లు

మా వైపు ఆడపిల్లకు పెళ్లిలో పొలం ఇస్తే ‘పసుపు కుంకుమ కింద’ ఇచ్చారంటారు. అదే పొలం మగపిల్లవాడికి వస్తే ‘వాటా’ అంటారు. వాటా అడిగి తీసుకునేది. పసుపు కుంకుమ పెడితే కళ్లకద్దుకునేది. పైగా అది ముత్తైదువతనంతో ముడిపడిన పేరు. మొగుడు పోతే పసుపు కుంకుమలు పోయాయనే మనవాళ్లు, ఆస్తికి కూడా ఆ పేరే పెట్టారంటే ఊరికే పెట్టలేదు. ఈ రెండు మాటల మధ్య దూరం నాకు లెక్కల్లో అర్థమైంది 2018లో, మేమిద్దరం దుగ్గిరాలలో ఇల్లు కొనుక్కోవాలనుకున్నప్పుడు.

దుగ్గిరాల అంటేనే పసుపు యార్డు. కొమ్ములు ఒకవైపు, కాయలు ఒకవైపు రాశులు పోసి ఉంటాయి. నా సహచరుడు అక్కడ ఒక కమీషన్ కొట్లో గుమస్తా. సీజన్లో రాత్రి పదింటికి ఇంటికొస్తాడు. జీతం చేతికిచ్చే నోట్లే తప్ప కాగితం ఉండదు. నేను ప్యాసింజరెక్కి తెనాలి వెళ్లి ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠం చెబుతాను. వేసవి రెండు నెలలూ జీతం లేదు. అప్పట్లో ఇద్దరిదీ కలిపితే నెలకు 22 వేలు. అందులో 3,500 అద్దె.

2014లో రాజధాని మాట వచ్చిన దగ్గర్నుంచీ ఈ చుట్టుపక్కల సెంటు ధర మాలాంటివాళ్లకు అందకుండా పోయింది. దుగ్గిరాల పొలాలు రాజధాని కోసం పోలేదు గానీ, ధరలకు ఎల్లలుండవు కదా! చివరికి కాలవ వైపు రెండున్నర సెంట్లలో రెండు గదుల పాత డాబా ఒకటి 9 లక్షలకు కుదిరింది. పైకప్పు ఒకచోట కురుస్తుంది. వంటగది అనడానికి లేదు, వరండా మూల ఒక గట్టు. అయినా మాకు నచ్చింది.

బ్యాంకులో తమాషా జరిగింది. అతని జీతానికి కాగితం లేదు. నాది చిన్న జీతమే అయినా స్లిప్పుంది. అప్పు నా కాగితం మీదే నిలబడాలి. కాగితాలు చూస్తున్న అధికారి, “మేడమ్, ఇంకా పిల్లల్ని కనే ఆలోచన ఉందా? కాన్పు వస్తే ఉద్యోగం మానేస్తారేమో” అన్నాడు. పక్కనే కూర్చున్న మా ఆయన్ని మాత్రం, తండ్రైతే కొట్లో మానేస్తావా అని అడగలేదు.

2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో, మాలాంటి ఆదాయం వాళ్లకు 6 లక్షల వరకు గృహరుణం మీద వడ్డీ రాయితీ ఉండేది. గరిష్ఠంగా 2 లక్షల 67 వేలు దాకా వచ్చేది. ఆ రాయితీ 2022లో ఆగిపోయింది. దానికో షరతు: కొనే ఇంటి పత్రంలో కుటుంబంలోని స్త్రీ పేరు ఉండి తీరాలి. ఈ సంగతి తెలియగానే మా అత్తయ్య, “అయితే అమ్మాయి పేరు పెట్టండి, డబ్బులొస్తాయి” అంది సంతోషంగా. ఆవిడ మంచిదే. కానీ నా పేరు హక్కుగా కాక రాయితీగా ఇంట్లోకి రావడం నాకు అప్పుడూ ఇప్పుడూ మింగుడుపడలేదు. అలాగని ఆ నిబంధన పెట్టినవాళ్లను తప్పుపట్టను. అది లేకపోతే ఆ మాత్రం పేరు కూడా ఎంతమందికి వచ్చేది?

బ్యాంకు ఇచ్చే 6 లక్షలు పోను మిగతా 3 లక్షలు, నూటికి ఏడున్నర చొప్పున రిజిస్ట్రేషన్ ఖర్చు, మొత్తం 3 లక్షల 70 వేలు మేం తేవాలి. అప్పుడు మా అరెకరం గుర్తొచ్చింది.

2010లో నా పెళ్లప్పుడు నాన్న నలుగురిలో పసుపు కుంకుమ కింద అరెకరం అన్నారు. నోటిమాటే, రాతకోతలు లేవు. 2013లో ఆయన పోయారు. పొలం అన్నయ్య చేస్తున్నాడు. ఏటా సంక్రాంతికి చీరా, ఒక బస్తా బియ్యం వచ్చేవి. నేను వెళ్లి అరెకరం అమ్మి పెట్టమన్నాను. అన్నయ్య కాసేపు ఆలోచించి, “రెండు లక్షలిస్తానమ్మా. ఒక కాగితం రాయించాను, సంతకం పెట్టిపో” అన్నాడు. చూస్తే హక్కు విడుదల పత్రం. అరెకరానికి కాదు, మొత్తం రెండెకరాల పిత్రార్జితం మీద నాకే హక్కూ లేదని.

ఆ అరెకరం ధర అప్పటికే మా డాబా ధరను దాటింది. చట్టం లెక్క వేరే. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ నుంచే, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమంగా వాటా ఉంది. దేశమంతటికీ ఆ సవరణ 2005లో వచ్చింది. ఆ లెక్కన నాన్న, అన్నయ్య, నేను మూడు సమాన వాటాలు. నాన్న వాటా మళ్లీ అమ్మకి, అన్నయ్యకి, నాకు. నాకొచ్చేది దాదాపు 89 సెంట్లు. అంటే మేం తక్కువ ఆదాయం వాళ్లం కాబట్టి ఇల్లు కొనలేకపోవడం కాదు. నాకున్న ఆస్తిని లేనట్టు చేసి, ఆ తర్వాత నన్ను పేదరాలి జాబితాలో చేర్చి, రాయితీ ఇచ్చి, ఇరవై ఏళ్ల అప్పు రాయించారు.

సంతకం పెట్టలేదు. ఏడు సవర్ల బంగారం బ్యాంకులో కుదవపెడితే 1 లక్షా 30 వేలు వచ్చింది. చిట్టీ నష్టానికి పాడితే 1 లక్షా 20 వేలు. డ్వాక్రా గ్రూపులో 50 వేలు, కొట్లో అడ్వాన్సు 70 వేలు. మా గ్రూపుకు 2019లో ప్రభుత్వం మూడు చెక్కుల్లో పదేసి వేలు ఇచ్చింది. ఆ పథకం పేరు కూడా ‘పసుపు-కుంకుమ’! వచ్చింది వచ్చినట్టు అప్పుకే జమ.

దస్తావేజు రాసినాయన నా వృత్తి ‘గృహకృత్యములు’ అని కొట్టించాడు. నా జీతం స్లిప్పు ఆయన ముందే ఉంది. మార్చమంటే, “ఆడవాళ్లకి అందరికీ అదే వేస్తామమ్మా” అన్నాడు. మార్పించాను. ‘ఫలానా వారి భార్య’ అన్నది మాత్రం అలాగే ఉంది. మా ఆయన ఎవరి భర్తో ఎక్కడా రాయలేదు.

గృహప్రవేశానికి అన్నయ్య రాలేదు. పుట్టింటి బట్టలు పట్టుకుని అమ్మ ఒక్కతే బస్సులో వచ్చింది. “అన్నతో పేచీ ఎందుకే, రేపు నీకో కష్టమొస్తే ఎవరున్నారు?” అంది. ఆడపిల్ల ఆస్తి అడక్కపోవడానికి అసలు కారణం తెలియనితనం కాదు, ఈ ప్రశ్నే. బీనా అగర్వాల్ 1994లో ‘ఎ ఫీల్డ్ ఆఫ్ వన్స్ ఓన్’ రాసినప్పుడు వివరంగా చెప్పింది ఇదే: అన్నదమ్ముల అండ అనే బీమాకు చెల్లెళ్లు తమ భూమిని ప్రీమియంగా కడతారు. ప్రదీప్ పండాతో కలిసి ఆమె తిరువనంతపురం జిల్లాలో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనం చూడండి. ఇల్లూ భూమీ రెండూ లేని వివాహితల్లో 49 శాతం మంది భర్తల చేతుల్లో దెబ్బలు తిన్నారు. రెండూ ఉన్నవాళ్లలో 7 శాతం. అసలైన అండ ఏదో దీన్నిబట్టి మీరే ఆలోచించండి.

నా వాదన మా పక్కింటామె దగ్గర ఆగిపోతుంది. దళిత స్త్రీ, కోల్డ్ స్టోరేజీలో పసుపు ఏరుతుంది. ఆమెకు పుట్టింట్లో పేచీ పడడానికి అరెకరం ఎప్పుడూ లేదు. 2020 డిసెంబర్లో మొదలైన పంపిణీలో ఆమె పేరు మీద సెంటున్నర పట్టా వచ్చింది. కట్టుకోవడానికి 1 లక్షా 80 వేలు, పావలా వడ్డీకి 35 వేలు. గోడలు లేచేసరికే అవి అయిపోయాయి. “పేరు నాది, అప్పూ నాదే టీచరమ్మా” అంది నవ్వుతూ. మిగతాది రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది.

మా అప్పు తీరడానికి ఇంకా పుష్కరం పైనే పడుతుంది. 2024 తర్వాత ఇక్కడ భూముల ధరలు మళ్లీ కదిలాయి. అన్నయ్య పొలానికి బేరం వచ్చిందట. కొనేవాళ్ల లాయరు ఆడపిల్ల సంతకం లేనిదే కుదరదన్నాడని అమ్మ మొన్న ఫోన్ చేసింది. ఎంత అడుగుతావంది. చట్టం చెప్పినంత అన్నాను. లెక్క చెప్పమంటే చెప్పాను: అన్నయ్యకు 89, నాకు 89, నీకు 22 సెంట్లు.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నాక్కూడా ఉందా?” అంది.