అంగడి గోడల నడుమ ఆటస్థలం

అమెరికాలోని డాలస్ నగరానికి ఉత్తరాన గల శివారు పట్టణాలలో మన తెలుగు కుటుంబాలకు కొదువ లేదు. 2024 వేసవిలో మేము అచ్చట మా కుమారుని ఇంట రెండు మాసాలు గడిపినాము. మూతబడిన ఒక పెద్ద దుకాణాన్ని పికిల్‌బాల్ క్రీడాశాలగా, భోజనశాలగా మార్చినారని కోడలు చెప్పగా, ఒక శనివారం కుటుంబసమేతంగా చూడబోయినాము. వేసవిలో 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటే ఆ ప్రాంతంలో కప్పు కింది ఆటకు గిరాకీ ఉండుట సహజమే.

ఈ ఆట 1965లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో పుట్టినది. జోయెల్ ప్రిచర్డ్, బిల్ బెల్, బార్నీ మెకల్లమ్ అనే మిత్రులు తమ కుటుంబాల కాలక్షేపానికై దీనిని కల్పించారు. పాత బ్యాడ్మింటన్ కోర్టు, చిల్లుల ప్లాస్టిక్ బంతి, ప్లైవుడ్ బ్యాట్లు, అంతే సరంజామా. నేటికీ కోర్టు కొలత బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టుదే: పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు. వలకు ఇరువైపులా 7 అడుగుల మేర నిలబడి బంతిని నేల తాకకముందే కొట్టరాదు. ఆ భాగానికి 'కిచెన్' అని పేరు. ఆట పేరులో ఊరగాయ, కోర్టు నడుమ వంటిల్లు! రెండు ఆవకాయ సీసాలను భద్రంగా సముద్రాలు దాటించి తెచ్చిన మా శ్రీమతికి ఇది విని నవ్వు ఆగలేదు.

అమెరికాలో ఇట్టి పెద్ద దుకాణాలు వరుసగా మూతబడుటకు ఇంటినుండే సరుకులు తెప్పించుకొను అలవాటు ఒక ముఖ్య కారణం. శతాబ్దానికి పైగా వ్యాపారం నడిపిన సియర్స్ సంస్థ సైతం 2018 అక్టోబరులో దివాలా న్యాయస్థానాన్ని ఆశ్రయించినది. మిగిలిన ఖాళీ భవనాలను ఏమి చేయవలెను? పడగొట్టుట సులభం. కాని భవనానికి పట్టిన ఉక్కు, సిమెంటులలో అధికభాగం పునాదులలో, స్తంభాలలో, కప్పులో ఉండునని మన వృత్తిలోని వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

మేము ముందుగా చూసినది ఆటను కాదు, కప్పును. పాత తప్పుడు కప్పును ఊడదీసి, ఉక్కు దూలాలకూ గాలి గొట్టాలకూ నల్లరంగు పూశారు. దానితో బంతి పైకెగురుటకు కావలసిన ఎత్తు లభించినది. స్తంభాల వరుసలు కోర్టుల నడుమ పడునట్లు గీతలు గీసి, ఆటగాళ్ళకు దెబ్బ తగలకుండ స్తంభాలకు మెత్తలు చుట్టినారు. అంగడి గోడలకు కిటికీలు లేకపోవుట ఇప్పుడు వరమైనది. ఎండ కంట పడదు, బంతి స్పష్టంగా కనబడును. సరుకుల లారీలు ఆగే వెనుకభాగంలో వంటశాల పెట్టుట మాకు మిక్కిలి నచ్చినది. దినుసులు నేరుగా దిగును, పొగ గొట్టాలు జనసంచారం లేని వైపునకు పోవును. భోజనశాలకు మాత్రం వెలుతురు కావలెను గనుక ఒక గోడను తొలిచి, పైన ఉక్కు దూలం నిలిపి, అద్దాలు బిగించారు.

ఈ బంతి చప్పుడు ఇంతంత కాదు. ఆరుబయటి కోర్టుల వద్ద ఇరుగుపొరుగువారు న్యాయస్థానాలకు ఎక్కిన ఉదంతాలు ఆ దేశంలో ఉన్నవి. ఇచ్చట చప్పుడు బయటకు పోదు, కాని లోపలే మారుమ్రోగును. కప్పునుండి దళసరి ఫెల్టు పలకలు వ్రేలాడదీసి, భోజనశాలకు అడ్డంగా అద్దపు గోడ కట్టినా, బల్లకు ఆ కొసనున్న మనుమడి మాట మాకు సగమే వినబడినది. ఈ ఒక్క విషయంలో రూపకర్తలకు పూర్తి మార్కులు వేయలేము.

బల్లపైకి వచ్చిన 'పికిల్' పుల్లని ఉప్పునీటిలో నానిన దోసకాయ ముక్క. కారం లేదు, నూనె లేదు. మా శ్రీమతి ఒక ముక్క కొరికి, మర్యాదగా పళ్ళెం అంచున పెట్టినది.

భోజనానంతరం డెబ్బది దాటిన ఒక ఆటగాడు మమ్ము పలుకరించినాడు. ఆ దుకాణంలోనే పనిముట్ల విభాగంలో ఇరువది ఏళ్ళకు పైగా పనిచేసినాడట. తన బల్ల ఉండిన చోటును బ్యాటుతో చూపినాడు: అది మూడవ కోర్టు కిచెన్. మూతపడే ముందు వారాలలో బీరువాలు, బొమ్మలు, నగదు బల్లలు సైతం అమ్మకానికి పెట్టగా, వాటికి ధర చీటీలు వ్రాసి అంటించినవాడు తానేనట. తన సహోద్యోగులలో ఒక్కరికైనా ఈ కొత్త సంస్థలో పని దొరకలేదని, ఫిర్యాదుగా కాక, మామూలుగా చెప్పినాడు.

మీ దేశంలో కర్మాగారం మూతబడితే ఏమి చేస్తారని అడిగినాడు. మేము చూసినదే చెప్పినాము. మొదట యంత్రాలు వేలానికి పోవును, పిమ్మట కప్పు రేకులు, ఆ తరువాత తుమ్మచెట్లు మొలచును. స్వచ్ఛంద పదవీ విరమణ సొమ్ము తీసుకున్న మిత్రులు ఆ దారిన పోవలసివచ్చినా అటు చూడరని కూడ చెప్పినాము. అతడు కొంతసేపు మౌనంగా ఉండి, తాను మొదటి ఏడాది ఈ వీధికే రాలేదన్నాడు. తరువాత ఎవరో ఆటకు పిలిచినారు, వచ్చినాడు.

కోర్టు ఖాళీ అయినది. నాలుగవ మనిషి తక్కువైనందున మా చేతికి ఒక బ్యాటు ఇచ్చినారు. 11 పాయింట్ల ఆటలో మా జట్టుకు 5 వచ్చినవి, వానిలో నాలుగు ఆ పెద్దమనిషివే.