తాండూరులో 41 పరుగులు

వికారాబాద్‌లో రైలెక్కితే గంటలోపే తాండూరు. దారంతా కంది చేలు. 2022లో జీఐ ట్యాగ్ వచ్చింది ఈ తాండూరు కందికే. ఊరు దగ్గరపడితే బండల గుట్టలు.

మేం పోయింది టెన్నిస్ బాల్ మ్యాచ్‌కి. ఒకడు తక్కువైతే, బండల పాలిషింగ్‌లో పనిచేసే అక్కడి పిల్లాణ్ని కలుపుకున్నాం. బ్యాటింగ్‌లో ఆఖర్న పెట్టాం. ఎనిమిది ఓవర్లలో మా స్కోరు 41.

"ఇగ రైలు టైమ్ చూడన్నా" అన్నడు కీపర్.

2018 ఏప్రిల్ 24న వాంఖడేలో సన్‌రైజర్స్ 118కే ఆలౌటయ్యి, ముంబైని 87కే చుట్టేసింది కదా! ఆ మాటే చెప్పా. ఎవరూ వినలే.

ఆఖరి ఓవర్లో వాళ్లకి ఏడు కావాలి. బాల్ ఆ పిల్లాడే అడిగి తీసుకున్నడు. ఆరూ యార్కర్లే. ఇచ్చింది మూడు. గెలిచినం!

"మళ్లీ ఆదివారం వస్తవా తమ్మీ?"

"డ్యూటీ లేకుంటే వస్తనన్నా."

ఈసారి మా టీమ్‌లో మొదటి పేరు వాడిదే.