సైకిలు జోస్యం

జోస్యాలు చెప్పడంలో మా వాళ్ళకి పెట్టింది పేరు. పెళ్ళికూతురి నడక చూసి తొలికాన్పు ఆడో మగో తేల్చేసేది మా మేనత్త. ఉయ్యాల్లో ఉన్న మా అబ్బాయి నుదురు చూసి "వీడు కలెక్టరే!" అన్నారు మా మామగారు. వాడు కలెక్టరు కాలేదనుకోండి, అది వేరే సంగతి. అలాంటి ఇంటిదాన్ని కనకనే, 2025 ఆగస్టులో ఫ్రాన్సులో, లియోన్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, ఫ్రిజ్ తలుపుమీద పది పేర్ల చీటీ కనిపిస్తే నేనేమీ బెదిరిపోలేదు.

"ఏమిట్రా ఇది, సరుకుల జాబితానా?" అన్నాను మనవడితో.

"కాదమ్మమ్మా, టూర్ ద లావెనీర్‌లో గెలవబోయేవాళ్ళు!"

లావెనీర్ అంటే వాళ్ళ భాషలో భవిష్యత్తుట. టూర్ ద ఫ్రాన్స్ అని ప్రపంచమంతా చూసే సైకిలు పందెం ఉందే, దానికి తమ్ముడిలాంటిది ఇది. 1961లో మొదలైంది. ఇప్పుడు ఇరవైమూడేళ్ళలోపు కుర్రాళ్ళు తమ తమ దేశాల తరఫున తొక్కుతారు. ఒక్కపూటతో తేలే పందెం కాదు. రోజుకో దారి, ఆపైన ఆల్ప్స్ కొండలు. అన్నిరోజుల టైమూ కలిపితే ఎవరికి తక్కువ పడుతుందో వాడిదే గెలుపు. ఇవాళ అందరికన్నా ముందొచ్చినవాడు రేపు కొండదగ్గర చతికిలబడొచ్చు. పిల్లల్ని పెంచి పెద్దచేసినదాన్ని, ఈ లెక్క నాకు చప్పున అర్థమైంది.

జాబితా తయారుచేయడానికి మావాడి దగ్గర శాస్త్రమే ఉంది. చదును నేలమీద దూసుకుపోయే భారీ మనిషి కొండెక్కలేడు, కొట్టేయాలి. కొండెక్కే బక్కపల్చటివాడు, గడియారంతో పోటీగా ఒక్కడే తొక్కే రోజున ఎంత నష్టపోతాడో చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, జట్టు పెద్దలు ఎవణ్ణి గెలిపించాలనుకున్నారో కనిపెట్టాలి. ఎందుకంటే మిగతావాళ్ళు వాడి ముందు తొక్కుతూ గాలి వాడికి తగలకుండా కాస్తారు, నీళ్ళసీసాలు మోసుకొచ్చి ఇస్తారు. వాళ్ళలో ఎంత సమర్థుడున్నా వాడి పేరు ఎవరి జాబితాలోకీ ఎక్కదు. నాకు మన వంటిళ్ళు గుర్తొచ్చాయి. పైకి అనలేదు.

చీటీలో మొదటి పేరు పాల్ సేషాస్. నాకు శేషయ్య అని వినిపించి, మన శేషయ్య బాబాయి మనవడేమోనని ఒక్కక్షణం సంబరపడ్డాను కూడా. పద్ధెనిమిదేళ్ళవాడు, లియోన్‌లోనే పుట్టాడు. 2024లో గడియారం పోటీలో జూనియర్ల ప్రపంచ విజేత. 2025 జూన్‌లో దోఫినే పందెంలో పెద్దవాళ్ళతో తొక్కి ఎనిమిదోవాడుగా వచ్చాడు.

"ఇక్కడ గెలిస్తే భవిష్యత్తు ఖాయం అమ్మమ్మా" అని లెక్క అప్పజెప్పాడు మావాడు. ఫెలిచే జిమోండి 1964లో ఇది గెలిచి 1965లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. గ్రెగ్ లెమాండ్ ఇక్కడ 1982, అక్కడ 1986. మిగేల్ ఇందురైన్ ఇక్కడ 1986లో గెలిచినా, అక్కడ గెలవడానికి 1991దాకా ఆగాల్సొచ్చింది. ఆ తర్వాత మాత్రం వరసగా ఐదేళ్ళు ఎవరికీ వదల్లేదు. తదేయ్ పొగాచర్ ఇక్కడ 2018, అక్కడ 2020.

"మరి ఇక్కడ గెలవనివాళ్ళో?" అన్నాను.

యోనాస్ వింగెగార్ అనే డెన్మార్క్ అబ్బాయి ఒకప్పుడు తెల్లవారుజామున చేపల పనికి వెళ్ళి, ఆ తర్వాత సైకిలు తొక్కేవాడట. ఇది ఎన్నడూ గెలవలేదు. 2022లోనూ 2023లోనూ టూర్ ద ఫ్రాన్స్ అతనిదే. మావాడు కాస్త నసిగాడు.

మూలన బొమ్మలేసుకుంటున్న పదకొండేళ్ళ మనవరాలు తలెత్తి, "2018లో మూడోవాడెవరు?" అంది. జీనో మేడర్, స్విట్జర్లాండ్ కుర్రాడు. 2023 జూన్‌లో సొంత దేశంలో జరిగిన పందెంలో కొండ దిగుతూ లోయలో పడి, ఇరవైఆరేళ్ళకే పోయాడు. మనవడు మెల్లిగా చెప్పాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

చిన్నదే మళ్ళీ అడిగింది. "ఆడపిల్లల చీటీ ఏదీ?"

"వాళ్ళ పందెం మొన్న 2023లోనేగా పెట్టారు. నాకు పేర్లు అంతగా తెలీవు" అన్నాడు వాడు.

1961లో నాకు రెండేళ్ళు. 2023లో అరవైనాలుగు. మగపిల్లల భవిష్యత్తు తర్వాత ఆడపిల్లల భవిష్యత్తు బయల్దేరడానికి అంతకాలం పట్టిందన్నమాట! ఫ్రాన్సువాళ్ళని అనడమెందుకు? మా అబ్బాయికి సైకిలు కొన్నాం, కలెక్టరు కావాలి కదా! అమ్మాయి గురించి మా ఇంట్లో ఒకటే జోస్యం, "ఏ ఇంటికి వెళుతుందో" అని. అది అన్న సైకిలు దొంగతనంగా తీసి, బారు కిందనించి కాలు దూర్చి తొక్కి, మోకాలు చీరుకుపోయి ఇంటికొస్తే, నెత్తురు తుడవడానికి ముందు వీపుమీద ఒకటి వేశాను. "మచ్చ పడితే నిన్నెవడు చేసుకుంటాడే?" అని.

మచ్చ ఉండిపోయింది. ఆ మోకాళ్ళతోనే ఇప్పుడు రోజూ సైకిలుమీద ఆఫీసుకి వెళుతోంది, నన్ను ఈ దేశానికి రప్పించింది కూడా అదే.

ఆ మధ్యాహ్నం నేనూ మనవరాలూ ఇంకో చీటీ రాశాం. 2023లో గెలిచిన షిరిన్ వాన్ అన్‌రోయ్, 2024లో గెలిచిన మారియోన్ బ్యూనెల్, వీళ్ళు ఎలాంటి దారుల్లో ఎలా తొక్కారో చదివి, అలాంటివాళ్ళని ఏరాం. శాస్త్రం మనవడిదే, అరువు తెచ్చుకున్నాం. చీటీకి చోటు కోసం వాడి చీటీని జానెడు పక్కకి జరిపాం.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, వాడి శేషయ్యే గెలిచాడు. వాడు సోఫామీద ఎగిరిన ఎగురుడికి కింది అంతస్తువాళ్ళు తలుపు కొట్టారు. మా చీటీలో ఎన్ని పేర్లు నిజమయ్యాయో మాత్రం అడక్కండి.

చీటీ అంటించిన సాయంత్రమే మా అమ్మాయి ఆఫీసునించి వచ్చి, భుజానికున్న సంచీ అయినా దించకుండా ఫ్రిజ్ ముందు నిలబడి మొత్తం చదివింది. పెన్సిలు తీసుకుని కింద పదకొండో పేరు రాసింది. కళ్ళజోడు పెట్టుకుని చూద్దును కదా, తన పేరే!

"నీకు వయసు దాటిపోయిందే తల్లీ!" అన్నాను.

"ఉండనీ అమ్మా" అని కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.