కొండ కింద కార్లు ఆగిన వేళ

హైదరాబాద్‌ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిలో అనంతపురం దాటాక సుమారు 70 కిలోమీటర్లకు పెనుకొండ వస్తుంది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని మార్చుకున్నది ఇక్కడికే. కోటనీ గగన్‌మహల్‌నీ చూడ్డానికి జనం ఎప్పుడూ వస్తూనే ఉన్నారు. పక్కనున్న ఎర్రమంచికి మాత్రం ఎవరొస్తారు? వాన పడితే వేరుశనగ, లేకపోతే బెంగళూరు బస్సు... అదీ అక్కడి బతుకు!

2017లో కొరియా కంపెనీ కియా వచ్చింది. 536 ఎకరాల్లో, ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ కట్టింది. దుకాణాల మీద తెలుగు పక్కనే కొరియన్‌ అక్షరాలు వెలిశాయి. 2019 డిసెంబరు 5న ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. సరిగ్గా ఆ నెలలోనే చైనాలోని వుహాన్‌లో కొత్త జబ్బు బయటపడింది.

వుహాన్‌ కూడా కార్ల ఊరే. 2020 జనవరి 23న దాన్ని మూసేశారు. కారు లోపల నరాల్లా పాకి ఉండే తీగల కట్ట ఒకటుంటుంది... వైరింగ్‌ హార్నెస్‌ అంటారు. చైనా నుంచి అవి రాకపోవడంతో ఫిబ్రవరిలో కొరియాలోని హ్యుందాయ్‌ ఫ్యాక్టరీలు ఆగిపోయాయి. కియా ఆ కుటుంబంలోదే.

మార్చి 25 నుంచి మన దేశమంతా లాక్‌డౌన్‌. ఏప్రిల్‌లో మారుతి లాంటి కంపెనీ సైతం దేశంలో ఒక్క కారూ అమ్మలేదు. ప్రారంభోత్సవమై నాలుగు నెలలైనా నిండని ఫ్యాక్టరీ మూగబోయింది. భూములిచ్చేసిన ఊళ్లకు అది మామూలు సెలవు కాదు. మళ్లీ వేరుశనగ వేసుకుందామంటే ఆ నేల లేదు మరి! కార్ల లారీలు తిరగాల్సిన రోడ్డు మీద వలస కూలీలు మూటలు నెత్తిన పెట్టుకుని ఉత్తరాదికి నడిచారు.

మే నెలలో గేట్లు తెరుచుకున్నాయి, మాస్కులతో. కార్లెవరు కొంటారనుకుంటే జరిగింది వేరు. బస్సెక్కాలంటే భయం, ఆటో అంటే అనుమానం. సొంత బండి ఉంటే చాలనుకున్నారు చాలామంది. సెప్టెంబరులో సోనెట్‌ విడుదలైంది.

అంతా గాడిన పడిందనుకుంటే 2021లో చిప్‌ల కరవు! లాక్‌డౌన్‌లో కార్ల కంపెనీలు ఆర్డర్లు తగ్గించుకుంటే చిప్‌ల తయారీదారులు ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల వైపు మళ్లారు. పిల్లల ఆన్‌లైన్‌ క్లాసుల కోసం కొన్న ల్యాప్‌టాప్, ఇంటి ముందుకు రావాల్సిన కారు ఒకే చోట క్యూ కట్టాయన్నమాట. డబ్బు కట్టినవాళ్లు నెలల తరబడి ఎదురుచూశారు.

2022లో పెనుకొండ కొత్తగా ఏర్పడిన శ్రీసత్యసాయి జిల్లాలోకి చేరింది. 2023 జులైలో ఎర్రమంచి గేటు దాటి పదిలక్షలో కారు బయటికొచ్చింది.